నా వీపు నిమిరిన చెయ్యి

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, నా భయం సంగతి చెబుతాను. నా పేరు యాదమ్మ, మాది పట్నంలో కార్వాన్. నాలుగు బర్రెలున్నాయి, పాలు అమ్ముకుంటాం. గర్భసంచిలో గడ్డలు పెరిగి, రెండేళ్లుగా నెలనెలా రక్తం ఆగక సగమైపోయాను. పోయిన ఏడాది వాటిని తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరాను.

ఆపరేషన్ రోజు పొద్దున చూస్తే భయానికి బీపీ మస్తు పెరిగింది. తగ్గకపోతే వాయిదా వేస్తామంది డాక్టరమ్మ. ఆ మాటకు ఇంకా బెదిరిపోయాను.

నర్సమ్మ పక్కన కూర్చుని, "ఏం పని జేస్తవ్ అక్కా?" అని అడిగింది.

"బర్రెలు పిండుత."

"మరి బర్రె బెదిరితే ఏం జేస్తవ్?"

"బెదిరితే అది చేపదు బిడ్డా, పాలు లోపలికే గుంజుకుంటది. తిట్టొద్దు, కొట్టొద్దు. పేరు పెట్టి పిలుసుకుంట వీపు నిమరాలె."

ఆ పిల్ల నా వీపు మీద చెయ్యేసి మెల్లగా నిమురుతూ, "యాదమ్మా... ఓ యాదమ్మా..." అంది.

"ఏందే, నన్ను బర్రెను జేసినవా!" అన్నాను. ఇద్దరం పకపకా నవ్వాం. ఆమె మాత్రం చెయ్యి తీయలేదు. కాసేపటికి బీపీ దిగింది. ఆపరేషన్ ఆ రోజే అయింది.

ముప్పై ఏళ్లు బర్రెలను నిమిరిన నాకు, మనిషికీ ఆ చెయ్యి కావాలని అప్పుడే తెలిసింది. మీ ఇంట్లో ఎవరు బెదిరినా పేరు పెట్టి పిలిచేవాళ్లు పక్కనుండాలి, మీ పాడి చల్లగుండాలి.