బెంటన్‌విల్‌లో ముప్పై ఒక్క గళ్ళ పత్రిక

భీమశంకర్ గారు రాజమండ్రి ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే తపాలాలో, ముప్పై నాలుగేళ్ళు సార్టర్‌గా పనిచేశారు. రైలు పెట్టెలో నిలబడి, చెక్క గళ్ళల్లో ఏ ఊరి ఉత్తరం ఆ ఊరి గడిలో వేయడం ఆయన ఉద్యోగం. 2008లో కూతురు ఇంద్రజ దగ్గర ఆరునెలలు ఉందామని అర్కాన్సాస్ రాష్ట్రంలోని బెంటన్‌విల్‌కు వచ్చారు. మా అబ్బాయి కిరణ్‌కుమార్ ఇల్లు ఆ వీధిలోనే, నాలుగిళ్ళ అవతల. నేను అప్పుడు అక్కడే ఉండేదాన్ని కనుక ఈ సంగతంతా నా కళ్ళముందు జరిగింది.

అక్కడ కారు లేకపోతే కాలు లేనట్టే. ఇంద్రజ, అల్లుడు ఆఫీసులకు వెళ్ళిపోతే ఆయనకు మిగిలేవి టీవీ, ఫ్రిజ్, లాప్‌టాప్. వంటలు చేతకావు, టీవీ అర్థం కాదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే సైటు ఒకటి ఇంద్రజ చూపించింది. పది రోజుల్లో 'బెంటన్‌విల్ బోగట్టా' అనే వారపత్రిక పుట్టింది. ఊళ్ళో తెలుగువాళ్ళవి ముప్పై ఒక్క ఇళ్ళు. ఆదివారం పొద్దున్నే అందరికీ ఈమెయిల్‌లో వెళ్ళేది.

మొదటి సంచిక పద్దెనిమిది పేజీలు. ఎక్కడా పేరా విడగొట్టలేదు. చలిగాలితో మొదలై, మోకాళ్ళ నొప్పుల మీదుగా, ఇక్కడి ఉడతలు మన ఉడతలకంటే ఎందుకు బలుస్తాయో చర్చించి, దోసెపిండి పులవకపోవడం దగ్గర ఆగింది. మొత్తం చదివింది నేనొక్కదాన్నేనని తరవాత తెలిసింది. నాకు అక్షరం ఎక్కడ కనబడినా చదివే జబ్బు ఉంది. మందుసీసా మీద చీటీ కూడా వదలను.

ఆ శనివారం తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌లో శశికళ మర్యాదగానే చెప్పింది. "అంకుల్, కంటెంట్ బావుంది. కానీ అంతా ఒక్క ముద్దగా ఉంది. సెక్షన్స్‌గా పెట్టండి. ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకుంటారు."

"అంటే ఇప్పుడు ఎవరూ చూడట్లేదా అమ్మా?"

"అబ్బే, చూస్తున్నామంకుల్," అంది శశికళ, పులిహోర గిన్నె వైపు చూస్తూ.

వేరొకరైతే వంటలు, ఆరోగ్యం, వింతలు అని విడదీసేవారు. ఎవరి ఉత్తరం వాళ్ళ గడిలో వేయడమే ఎరిగిన మనిషి ఇంకోలా ఎలా విడదీస్తాడు? మరుసటి సంచికలో ముప్పై ఒక్క గళ్ళు వచ్చాయి, ఇంటికొకటి. ప్రతి ఇంటికీ ఏదో ఒకటి రాయాలి కనుక, జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని ఉదయం నడకలు మొదలెట్టారు. అందరి గళ్ళూ ఒకే ఈమెయిల్‌లో అందరికీ వెళ్ళాయి.

"మీనా గారి గడి: మీ గోంగూర పచ్చడి అయిపోయింది. సీసా భద్రంగా ఉంది. మూత కనబడటం లేదు, వెతుకుతున్నాను."

"లీలావతి గారి గడి: గుడి దగ్గర మీ అత్తగారు మీ గురించి చెప్పిన మాటలను నేను ఇక్కడ రాయదలచుకోలేదు."

"కిరణ్‌కుమార్ గారి గడి: మీ గరాజ్ తలుపు మూడు రోజులుగా సగం తెరిచి ఉంటోంది. నడిచే యంత్రం మీద ఆవకాయ జాడీలు ఎండకు పెట్టడం మంచి ఆలోచన."

ఆ రోజు బెంటన్‌విల్‌లో తెలుగు ఇళ్ళల్లో టిఫిన్లు ఆలస్యమయ్యాయి. అందరూ ముందు పక్కవాళ్ళ గళ్ళు చదివి, చివరికి సొంత గడికి వచ్చారు. లీలావతి వాళ్ళ అత్తగారికి ఒక్క పూటలో పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. రెండో వారానికి ఆదివారం ఎనిమిది కొట్టకముందే "బోగట్టా ఇంకా రాలేదేంటంకుల్" అని ఫోన్లు చేసి అడగడం మొదలైంది. భీమశంకర్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ ఫోన్లు ఎత్తేవారు.

ఆ రెండో వారంలోనే గొడవ వచ్చింది. మా ఇంట్లో అబ్బాయి లాప్‌టాప్ ముందు కూర్చుని, చేతిలో ఇడ్లీ అలాగే ఉంచుకుని పైకి చదివాడు.

"రాధాకృష్ణ గారి గడి: శుక్రవారం పొద్దున తమరు గాలం కర్రలు కారులో పెట్టుకుంటుండగా చూశాను. బీవర్ లేక్‌లో పడిన చేప ఎన్ని కిలోలో తెలిపితే పై వారం వేస్తాను."

రాధాకృష్ణ శశికళ భర్త. ఆఫీసులో మా అబ్బాయి టీమ్‌లోనే ఉంటాడు.

"ఫ్రైడే వాడు ఫీవర్ అని మెయిల్ పెట్టాడే," అన్నాడు అబ్బాయి.

"నీళ్ళ ఒడ్డున కూర్చుంటే ఫీవర్ దిగుతుంది లెండి," అంది కోడలు పద్మజ. "మీకూ మొన్న నడుంనొప్పి సినిమా హాల్లో తగ్గిందిగా."

సోమవారం సాయంత్రం నేను ఇంద్రజ వాళ్ళింట్లో కూర్చుని ఉండగా రాధాకృష్ణ వచ్చాడు. చెప్పులు విప్పి, సోఫా అంచున కూర్చున్నాడు.

"అంకుల్, మీరు పెద్దవారు, నేనేం అనలేను. కానీ ఇవాళ మీటింగ్‌లో కిరణ్ అందరి ముందూ ఫిష్ ఎలా ఉందని అడిగాడు."

"నువ్వేం చెప్పావు నాయనా?"

"పడలేదంకుల్. నిజంగానే ఒక్కటీ పడలేదు."

భీమశంకర్ గారు జేబులోంచి నోటుపుస్తకం తీశారు. "అయితే పై వారం సవరణ వేస్తాను."

ఇంద్రజ చేతులు జోడించింది. "నాన్నా, మీకు దండం పెడతాను. సవరణా వద్దు, బోగట్టా వద్దు. వీళ్ళందరి మొహాలూ నేను రోజూ చూడాలి."

ఆయన నోటుపుస్తకాన్ని ఫ్రిజ్ మీద పెట్టేశారు. మరునాడు నడకకు రాలేదు. నేనే వెళ్ళి పలకరించాను.

"ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళవాళ్ళ ఉత్తరాలు గళ్ళల్లో వేశానండీ," అన్నారు. "ఒక్కదాంట్లో ఒక్క ముక్క నాది కాదు. ఇక్కడ నేను రాసింది ముప్పై ఒక్క ఇళ్ళు చదివాయి. రెండు వారాలే అనుకోండి."

పద్దెనిమిది పేజీల సంచిక కూడా నేను చదివానని చెప్పాను. ఉడతల సంగతి అడిగి నిర్ధారించుకున్నారు.

ఇంద్రజకు మనసొప్పక మధ్యేమార్గం కనిపెట్టింది. బోగట్టా రావచ్చు, కానీ మనుషుల పేర్లు ఉండకూడదు. వాతావరణం, వంట, ఆరోగ్యం, ఆధ్యాత్మికం అనే నాలుగు శీర్షికలే. ఆయన బుద్ధిగా అలాగే చేశారు. ఆ ఆదివారం మాత్రం పత్రిక అనుకుని, ఇంద్రజ రాసుకున్న సరుకుల జాబితాను పంపించారు. పెరుగు రెండు డబ్బాలు, పేపర్ టవల్స్, అల్లం. బుధవారం ఆయనే కనిపెట్టేదాకా ముప్పై ఒక్క ఇళ్ళలో ఎవరికీ తెలియలేదు. "చాలా ఇన్ఫర్మేటివ్‌గా ఉందంకుల్" అని మూడు జవాబులు కూడా వచ్చాయి. జబ్బు ఉందన్నాను కదా, నేను చదివాను. అల్లం ఆరోగ్యం శీర్షిక అనుకున్నాను.

ఆ జవాబులు చూసి ఆయన మరీ డీలా పడ్డారు. టికెట్ ముందుకు జరుపుతారేమోనని ఇంద్రజ భయపడింది. అప్పుడు మళ్ళీ రాధాకృష్ణే వచ్చాడు. ఈసారి చెప్పులు కూడా సరిగా విప్పలేదు.

"అంకుల్, ఆ సవరణ వేసేయండి."

"పేర్లు వేయకూడదు నాయనా. మా అమ్మాయి ఒప్పుకోదు."

"ఇంద్రజా, ప్లీజ్. చేప పడలేదని నేను చెప్తే ఒక్కడూ నమ్మట్లేదు. వండుకుని మాకు పెట్టలేదంటున్నారు. అంకుల్ గడిలో పడితేనే నమ్ముతారు. పంపేముందు ఒకసారి నాకు చూపించండి, అంతే."

ఇంద్రజ సరేనంది. శనివారం మధ్యాహ్నం రాధాకృష్ణ తన గడి చూసుకోవడానికి వచ్చాడు. తోడుగా శశికళ వచ్చింది. ఆయనకు చూపించి మాకెందుకు చూపించరని లీలావతి అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. మీనా సీసా మూత కోసమని వచ్చి ఉండిపోయింది. తరవాతి శనివారానికి ఇంద్రజ ఇంటి ముందు పద్దెనిమిది కార్లు. భీమశంకర్ గారు కుర్చీలో కూర్చుని గడి గడి పైకి చదువుతుంటే, ఎవరిది వాళ్ళు దిద్దించుకునేవారు.

"ఈ వారం మా గరాజ్ ఊసు తీసేయండంకుల్," అన్నాడు మా అబ్బాయి. "బదులుగా నేను ఐదు కిలోమీటర్లు పరిగెత్తానని రాయండి."

"నేను చూడలేదు కదా నాయనా."

"పోనీ, పరిగెత్తుతానంటున్నాడని రాయండి," అంది పద్మజ. అలాగే రాసుకున్నారు.

"నా మాటలు ఈ వారమైనా వేస్తారా, వేయరా?" అన్నారు లీలావతి అత్తగారు. ఆ మాటకు చర్చ గంటసేపు నడిచింది. టీ రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది.

అలా ఆయన వెళ్ళేదాకా సాగింది. శనివారమే అంతా విన్నాక ఆదివారం ఈమెయిల్ తెరిచే అవసరం ఎవరికీ ఉండేది కాదు. అయినా ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఒక్కొక్క పేరూ సరిచూసుకుని ముప్పై ఒక్క ఇళ్ళకూ పంపేవారు.

"అందరూ నిన్ననే వినేశారు కదా నాన్నా, మళ్ళీ ఎందుకు?" అని ఇంద్రజ ఒకసారి అడిగింది.

"వినడం వాళ్ళ వంతు. అయిపోయింది," అన్నారు భీమశంకర్ గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "బట్వాడా నా వంతమ్మా. చేరవేయాల్సిన ఉత్తరం ఉంచేసుకుంటే ఉద్యోగం పోతుంది."