వెనకనుంచి పిలిచే యాళి

తాతయ్య చేతికి తుపాకీ ఇస్తే ఆ కంప్యూటరు ఆటలో రాక్షసులకు విందుభోజనమే. ఒక్క గుండూ పేల్చడు. రెండు తలల గండభేరుండం మీదికి దూకినా పక్కకు తప్పుకుని, పాడుబడిన కోటలో పెరట్లో తిరిగినంత నింపాదిగా తిరుగుతాడు. జీవితమంతా కుట్టుమిషన్ తొక్కిన మనిషి కదా, మౌస్‌ని కూడా గుడ్డ జరిపినట్టే అరచేత్తో జరుపుతాడు.

ఆయన వెతికేది యాళిని. సింహం ఒళ్లు, ఏనుగు తొండం ఉన్న ఆ మృగం ఎదురుగా రాదు, వెనక చేరి అరుస్తుంది. తిరిగి చూశామా, ఒక్క గెంతుతో మన పని సరి. చూడకుండా నడిస్తే మాత్రం అరుస్తూ వెంటే వస్తుంది.

ఆ అరుపు నానమ్మది.

ఆటలు తయారుచేసే కంపెనీలో శబ్దాలు కూర్చే ఉద్యోగం బాబాయిది. యాళికి ఏ గొంతూ కుదరక విసిగిపోయి, ఒకరోజు వంటింట్లోకి మైకు పట్టుకొచ్చి, దూరంగా ఉన్నవాళ్లని పిలిచినట్టు అరవమన్నాడు. నానమ్మ పిలిచేది ఒక్కణ్నే, ఆ ఒక్కడి పేరూ ఏనాడూ నోట పలకలేదు. గరిటె పట్టుకునే "ఇదిగో, మిమ్మల్నే" అని కేకేసింది. బాబాయి దాన్ని సాగదీసి, బొంగురు చేసి యాళి నోట్లో పెట్టాడు. అది విని తాతయ్య, ఇందులో నువ్వు కలిపిందేముందిరా, రోజూ ఇంట్లో వినేదేగా అన్నాడు.

ఇంటి ముందుగదే ఆయన కొట్టు. వంటింట్లోంచి ఆ పిలుపొస్తే తల తిప్పేవాడు కాదు. "ఆ, వస్తున్నా" అంటూ ఇంకో కాలరు మొదలుపెట్టేవాడు. అన్నం చల్లారేది, ఆవిడ మళ్లీ పిలిచేది. ఇప్పుడు ఆవిడ లేదు. అన్నం వేళకి తనంతట తనే లేస్తున్నాడు. ఫొటోలు బీరువా నిండా ఉన్నాయిగానీ, గొంతు మాత్రం, బాబాయి దగ్గరున్న రికార్డింగూ చెరిగిపోయాక, ఆ ఆటలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందుకే మధ్యాహ్నాలు కొట్టు తలుపు దగ్గరగా వేసి కంప్యూటరు ముందు చేరతాడు. యాళి పిలుస్తుంది. ఈయన "ఆ, వస్తున్నా" అంటూ ముందుకే నడుస్తాడు.

ఒకరోజు అన్నం తింటూ బాబాయి నసిగాడు. యాళి అరుపుకి భయం వేయట్లేదని, భోజనానికి పిలుస్తున్నట్టుందని ఆడేవాళ్లంతా గోల పెడుతున్నారట. కంపెనీ కొత్త అరుపు చేయించింది. సాయంత్రానికల్లా నెట్ ద్వారా అందరి కంప్యూటర్లలోకీ దానంతటదే వచ్చేస్తుందట.

"ఆపలేవట్రా?"

"నా చేతుల్లో లేదు నాన్నా. నెట్ వైరున్న ప్రతి ఇంటికీ వస్తుంది."

బాబాయి ఆఫీసుకి వెళ్లగానే తాతయ్య కొట్టులోంచి పెద్ద కత్తెర తెచ్చాడు. ఆ కత్తెర గుడ్డని తప్ప దేన్నీ ముట్టకూడదు, మొండిబారితే దర్జీకి చెయ్యి విరిగినట్టే. ఒకసారి నానమ్మ దాంతో పాలప్యాకెట్టు కోసిందని అలిగి, ఆవిడతో మాటలు మానేసి, ఉప్పు కావాల్సినా బాబాయిచేత అడిగించాడు. ఇప్పుడదే కత్తెరతో, గోడవారగా పాకుతున్న నెట్ వైరుని కటుక్కున కోసేశాడు.

సాయంత్రం బాబాయి వచ్చి తల పట్టుకున్నాడు. "ప్లగ్గు పీకితే సరిపోయేది కదా నాన్నా."

తాతయ్య వేలితో కత్తెర అంచు తడుముతున్నాడు. వైరు కోసినచోట గంటు పడింది.

"మీ అమ్మ కోసినప్పుడు ఏమీ కాలేదురా," అన్నాడు. "ఊరికే అలిగాను."

బాబాయి కొత్త వైరు తెచ్చాడుగానీ, ఆ కంప్యూటరు దాకా లాగలేదు.

తాతయ్య మళ్లీ కోటలోకి వెళ్లాడు. వెనకనుంచి యాళి పిలిచింది. ఈసారి వస్తున్నా అనలేదు. మౌస్ మీద అరచెయ్యి ఆనించి మెల్లగా, పూర్తిగా వెనక్కి తిరిగాడు. తొండమెత్తి గెంతడానికి సిద్ధంగా ఉంది యాళి.

"వచ్చాను," అన్నాడు.

తెరంతా ఎర్రబడి, మళ్లీ ఆడతారా అని అడిగింది. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, ఆడతానన్న చోట నొక్కాడు.