సంచి మడత కింద

మా కుక్క నిరుడు వేసవి చివర్లో చచ్చిపోయింది. చనిపోయింది అని రాయమంటుంది నా భార్య. పత్రికల్లో ముప్పై ఏళ్లు పనిచేశాను, ఎక్కడ ఏ మాట వాడాలో నాకు తెలుసనే అనుకుంటాను. ఈ ఒక్కచోట ఆమె మాటే వింటాను. మా కుక్క చనిపోయింది.

దానికి పదకొండేళ్లు. నేను కుప్పంలో విలేకరిగా ఉన్నప్పుడు, రామకుప్పం దగ్గర ఏనుగులు తొక్కేసిన టమోటా తోట చూడటానికి వెళ్లి, పిల్లగా ఉన్న దాన్ని సంకలో పెట్టుకుని తిరిగొచ్చాను. “తీసకపోప్పా, ఈడుంటే యాదో ఒక ఏనుగు కాలి కింద పడతాది” అన్నాడు రైతు. కుప్పంలో రాగి సంగటి తిన్నది. పుంగనూరుకు బదిలీ అయితే పెరుగన్నం తిన్నది. మాకు పిల్లలు లేరు. పెళ్లిళ్లలో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే నా భార్య, “ఉండాది, ఇంట్లో పడుకోనుండాది” అని నవ్వేది.

మదనపల్లెకు వచ్చాక ఆమె మోకాలికి ఆపరేషన్ జరిగింది. కుక్కకు వేరే వండటం కుదరలేదు. కొన్న తిండికి మారుద్దామనుకుని దాన్ని వెంటబెట్టుకుని దాణా అంగడికి వెళ్లాను. తవుడు, చెనక్కాయ చెక్క, కోళ్ల మేత సంచులు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వరస చివర కుక్కల తిండి సంచులు రెండు. సీలు వేసిన ప్యాకెట్లు పైన అలమరలో ఉన్నాయిగానీ, మా వీధిలో అందరూ సంచిలోంచి లూజుగానే కొనేవాళ్లు.

“ఈ రెండిట్లో ఏది మంచిదప్పా?” అని అడిగాను.

“మనమెవురు సార్ చెప్పేదానికి? తినేదాన్నే అడుగు” అన్నాడు అంగడాయన. కాగితం మీద రెండు కుప్పలు పోశాడు. మా కుక్క మొదటిదాన్ని వాసన చూసి వదిలేసింది. రెండోదాన్ని తినేసి కాగితం కూడా నాకింది.

“సూసినావా? నీకన్నా తెలివైంది ఇది.”

ఆ ముచ్చటను ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పానో. మా కుక్క తన తిండి తానే ఎంచుకుందని. రెండేళ్లు అదే పెట్టాను.

రెండో ఏడు అది నీళ్లు ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది. ఎండాకాలం కదా అనుకున్నాను. వానలు పడ్డాయి, అయినా గిన్నె ఖాళీ అవుతూనే ఉంది. ఎండు తిండి కదా, దాహం వేస్తుందిలే అనుకున్నాను. వీపు మీద వెన్నెముక చేతికి తగులుతుంటే, ముసలితనం అనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. “నీకే ఇట్లయితే ఈపాటికి నాలుగుసార్లు ఆస్పత్రికి పొయ్యుంటావు” అంది నా భార్య. నెలలు గడిచి మళ్లీ ఎండలు ముదిరాక, తిన్నదంతా కక్కుకోవడం మొదలైన రోజున పుంగనూరుకు తీసుకెళ్లాను. అక్కడి పాత పశువుల డాక్టరుకు అది చిన్నప్పటి నుంచి తెలుసు.

ఆయన రక్త పరీక్ష చేయించి, కాగితం చూసి కళ్లద్దాలు తీశాడు.

“కిడ్నీలు శానా దెబ్బతినిండాయప్పా. ఏం పెడతాండారు?”

“డాగ్ ఫుడ్.”

“అదే, ఏ రకం?”

“లూజుది.”

“లూజైతే సంచి ఉండదా? దాని మింద ఏం రాసుండాదో సూసి చెప్పు. పేపరోడివి, నీకు నేను చెప్పాల్నా సదవమని?”

మరునాడు పొద్దున్నే అంగడికి వెళ్లాను. దాణా సంచులన్నిటికీ చేసినట్టే మా కుక్క తినే సంచి మూతిని కూడా బయటికి మడిచి, కిందికి చుట్టారు. మూడు మడతలు విప్పాను. కుక్కపిల్ల బొమ్మ కనిపించింది. ఏడాది లోపు పిల్లలకు అని దాని కింద అక్షరాలు ఉన్నాయి. పక్క సంచి మడత కూడా విప్పాను. అది పెద్ద కుక్కలది. జానెడు దూరంలోనే ఉంది.

“పిల్లలదా ఇది?” అంగడాయన కూడా వంగి చూశాడు. “అన్ని కుక్కలూ తింటాండాయే సార్. ఎవురూ అడగలేదే.”

నేనూ అడగలేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఏ ప్రకటన వచ్చినా చివరి వాక్యం దాకా చదవమని ఎంతమంది కొత్త విలేకరులను కసిరానో గుర్తొచ్చింది. అక్కడినుంచే డాక్టరుకు ఫోన్ చేసి, సంచి మీద రాసింది చెప్పాను.

“దానివల్లే వచ్చిందని నేను చెప్పలేనప్పా. వయసుకి కూడా వస్తాది. కానీ పిల్లల తిండిలో బలం ఎక్కువుంటాది, కిడ్నీ చెడినాక అది పెట్టకూడదు. నీళ్లు ఎక్కువ తాగేటప్పుడే తెచ్చుంటే ఇంకొన్నాళ్లు లాగేదేమో.”

ఇంటికొచ్చి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె ఇంట్లో మిగిలిన ఆ తిండిని చెత్తలో పోసి, ఆ డబ్బాను కడిగింది. కాసేపటికి మళ్లీ కడిగింది.

కిడ్నీ జబ్బున్న కుక్కలకు వేరే తిండి ఉందని డాక్టరు రాసిచ్చాడు. మదనపల్లెలో దొరకలేదు, బెంగళూరు నుంచి తెప్పించాం. ఈసారి ప్యాకెట్టును అన్ని వైపులా తిప్పి, వరండాలో నిలబడి చదివాను. “పరీచ్చ రాస్తావా ఏంది? పెట్టు దానికి” అంది నా భార్య. పెట్టాను. అది ముఖం తిప్పుకుంది. వేడినీళ్లలో నానబెట్టి ఆమె పెట్టినా ముట్టలేదు.

అప్పుడు నేను కింద కూర్చుని నాలుగు పలుకులు అరచేతిలో పోసి చాచాను. అది నా ముఖంలోకి చూసి, ఒక్కొక్కటే తీసుకుని నమిలింది. కాసేపటికి కక్కేసింది. మరుసటి రోజూ చెయ్యి చాచాను, మళ్లీ తీసుకుంది, మళ్లీ కక్కింది. మూడో రోజు మధ్యాహ్నం నా భార్య నా మణికట్టు పట్టుకుంది.

“అది ఆకలై తినడంల్యా. నువ్వు పెడతాండావని తింటాండాది. ఇంక సాలు, ఇడిసిపెట్టు.”

నేను ఏం పెట్టినా అది అలాగే తినేది. ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా నా చేతిని అనుమానించలేదు. పిడికిలి మూశాను. అది లేవలేకపోయింది. మూసిన పిడికిలి వైపు కాసేపు చూసి, తనే ఏదో తప్పు చేసినట్టు, తోకతో నేల మీద ఒక్కసారి మెల్లగా కొట్టింది.