గుచ్చుకుంటే చెప్పమన్న ఖాలా

ఖాలా పోయిందన్న కబురు శుక్రవారం పొద్దున తెలిసింది. పనికి పోదామని మల్దకల్ బస్టాండులో నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది మా డాక్టరుగారే. "ఖాలా పోయిందమ్మా. ఇయాల క్లినిక్ తెరుస్తలేను. నువ్వు సీదా వాళ్ళింటికి రా" అని పెట్టేశారు. గద్వాల బస్సు వచ్చింది, ఎక్కాను. టికెట్ తీసుకోలేదన్న సంగతి కండక్టరు రెండోసారి అడిగేదాకా గుర్తు లేదు.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. ఆమె నాకు చుట్టం కాదు. గద్వాలలో నేను పనిచేసే పళ్ళ దవాఖానలో ఆయా. డాక్టరుగారు వాడిన పనిముట్లన్నీ కడిగి, ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేసే పని ఆమెది. చదువు సంతకం వరకే. అయినా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్ళలోని చిన్నచిన్న దవాఖానల్లో, రక్తపరీక్షల ల్యాబుల్లో పనిచేసే మాలాంటి వాళ్ళం ఎంతమందిమో, ఒంటికి అపాయం రాకుండా పనిచేయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాం.

ఇంటర్ అయ్యాక నేను ఆ క్లినిక్‌లో చేరాను. మొదటిరోజే ఖాలా నా చేతులకు రబ్బరు తొడుగులు వేయించి, వాటి మీద తడి పసుపు రాసింది. "ఇగ నీ పని నువ్వు చేస్కో" అంది. పదినిమిషాలు అటూ ఇటూ తిరిగాను. సొరుగు తీశాను, దీపం వేశాను, ఫోన్ మోగితే ఎత్తాను, రిజిస్టరులో పేరు రాశాను. తర్వాత ఆమె సున్నపునీళ్ళలో ముంచిన గుడ్డ తెచ్చి, నేను ముట్టిన చోటల్లా అద్దింది. పసుపు మీద సున్నం పడి ఒక్కొక్కటే ఎర్రబడింది. సొరుగు పిడి, దీపం బటన్, ఫోన్, పెన్ను, రిజిస్టరు అట్ట. చివరికి నన్ను అద్దం ముందు నిలబెట్టి నా గడ్డం మీద కూడా అద్దింది. అక్కడా ఎరుపే. ఎప్పుడు గోక్కున్నానో నాకే తెలియదు.

"గా మరక పసుపు కాదనుకో. పేషెంటు నోట్లెకెళ్ళి వచ్చిన రక్తమనుకో" అంది. ఆ రోజు నుంచి తొడుగులు తీయకుండా నేను ఫోన్ ముట్టలేదు.

ఆమె తీరే వేరు. చీర మీద క్యాన్వాసు బూట్లు వేసుకునేది. ఎండాకాలంలో కూడా విప్పేది కాదు. వీధిలో ఆడవాళ్ళు నవ్వితే, "నవ్వుండ్రి, నా కాళ్ళు నాకు కావాలె" అని సాగిపోయేది. లోపలికి రాగానే గాజులు తీసి మేకుకు తగిలించేది. అన్నం ఎంత ఆకలైనా మెట్ల మీద కూర్చునే తినేది, పనిముట్ల గదిలో ఒక్క మెతుకు కూడా తిననిచ్చేది కాదు. మందమైన ప్లాస్టిక్ డబ్బాకు మూతలో కన్నం చేసి, వాడిన సూదులు అందులో వేయించేది. ముప్పావు నిండితే చాలు, మూత బిగించి పక్కన పెట్టేది. "సూదికి డాక్టరెవరో ఆయా ఎవరో తెల్వదు బేటీ" అనేది.

ఇన్ని విన్నాక కూడా నేను తప్పు చేశాను. చేరి ఏడాది కూడా కాలేదు. ఆ రోజు జనం చాలామంది ఉన్నారు. డాక్టరుగారు ఒకాయనకు దవడపన్ను పీకి, సిరంజిని మూత లేకుండా ట్రేలో వదిలేసి ఇంకో పేషెంటు దగ్గరికి పోయారు. ఎవరికైనా తగులుతుందని నేను మూత పెట్టబోయాను. సూది జారి నా ఎడమచేతి చూపుడువేలులో దిగింది.

ఎవరూ చూడలేదు. బాత్రూంలోకి పోయి వేలు పిండి, స్పిరిట్ పూసుకున్నాను. చెప్తే పని రాదంటారని ఒక భయం. ఇంట్లో తెలిస్తే రేపటి నుంచి పంపరని ఇంకో భయం. ఏమీ కానట్టు వచ్చి ట్రేలు సర్దుతున్నాను. ఖాలా పక్కకు వచ్చి నిలబడింది.

"నీ చేయి స్పిరిట్ వాసన వస్తుంది. ఏంది సంగతి?"

"ఏం లేదు ఖాలా."

"మొఖం తెల్లగయ్యింది. జర చేయి చూపియ్యి."

చూపించాను. కోపగించుకుంటుందనుకున్నాను. నా మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. సబ్బు పెట్టి, ధారకింద చాలాసేపు కడిగించింది. "పిండొద్దు, స్పిరిట్ పెట్టొద్దు. గిట్ల నీళ్ళల్ల కడుగుడే" అంటూ, కడిగినంతసేపూ నా మణికట్టు వదలలేదు. తర్వాత నన్ను నేరుగా డాక్టరుగారి ముందుకు తీసుకుపోయింది.

ఆయన అప్పటికి కుర్ర డాక్టరే. పని మధ్యలో తల తిప్పి చూసి, "చిన్నగ గుచ్చుకున్నదే కదా ఖాలా, ఏం కాదు" అన్నారు.

"ఏం కాదని కాగితం మీద రాసిస్తరా సార్?" అంది ఖాలా.

గొంతు పెంచలేదు. కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటు కూడా వింటున్నాడు. డాక్టరుగారు పని ఆపారు. తొడుగులు విప్పి రిజిస్టరు తెప్పించారు. పన్ను పీకించుకున్నాయన రాయచూరు వైపు నుంచి వచ్చాడు. పేరు, వయసు తప్ప రిజిస్టరులో ఇంకేమీ లేవు. బస్టాండుకు మనిషిని పంపారు, దొరకలేదు. ఆయన రక్తం పరీక్ష చేయించే దారి లేదు. "మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రికి పోవాలె. హెచ్‌ఐవీ రాకుండ మందు ఎంత తొందరగ మొదలుపెడితే అంత మంచిది" అన్నారు డాక్టరుగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేకపోయారు.

ఖాలా అప్పటికే బూట్ల తాళ్ళు బిగిస్తోంది.

ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారాం. కిటికీ పక్క సీటు నాకిచ్చి, తన టిఫిన్ డబ్బా తెరిచి జొన్నరొట్టె నా చేతిలో పెట్టింది. తినకుండా చేతిలోనే పట్టుకున్నాను. కొత్తకోట దాటాక అడిగాను, "నాకేమన్న అయితదా ఖాలా?"

"తెల్వదు బేటీ. తెల్వదు గనకనే పోతున్నం."

కొంతసేపయ్యాక తన సంగతి చెప్పింది. ఇక్కడికి రాకముందు ఆమె వేరే ఊళ్ళో ఒక నర్సింగ్‌హోంలో ఊడ్చేది. చెత్తసంచి మోస్తుంటే దాంట్లోని సూది సంచి చీల్చుకుని పాదంలో దిగింది. పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. కొన్ని నెలలకు కామెర్లు వచ్చాయి. పసరు తాగింది, పథ్యం చేసింది, తగ్గిందనుకుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత రక్తం పరీక్ష చేస్తే జబ్బు కాలేయంలోనే కూర్చుందని తేలింది.

"చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే జబ్బు. నేను సిగ్గుకే భయపడ్డ" అంది. "నాకప్పుడు చెప్పెటోళ్ళు లేకుండె. నీకు నేనున్న. పరేషాన్ గాకు, రొట్టె తిను."

తిన్నాను.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అన్నీ ఓపిగ్గా అడిగింది. మొదటి మాత్ర ఆమె ముందే మింగించి, కామెర్ల టీకా కూడా వేయించింది. ఇరవై ఎనిమిది రోజుల మందులు. కడుపులో తిప్పేది, నోరంతా చేదు. రోజూ మధ్యాహ్నం ఖాలా పని ఆపి, నేను మాత్ర వేసుకునేదాకా ఎదురుగా నిలబడేది. మా అమ్మకు ఎలా చెప్పాలో తోచక నేను తటపటాయిస్తుంటే, ఒక ఆదివారం తనే మల్దకల్ వచ్చింది. అరుగు మీద కూర్చుని అంతా విడమరిచి చెప్పి, "మీ బిడ్డ తప్పేం లేదు. పనిల దెబ్బ తగిలింది. పొలంల కొడవలి కోసుకున్నట్టే" అంది. అమ్మ ఏడ్చింది గానీ నన్ను పని మాన్పించలేదు.

ఆరు నెలలకు చివరి పరీక్ష. ఏమీ లేదని వచ్చింది. కాగితం చూసి డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఆ వారమే మా అందరికీ టీకాలు వేయించడం పూర్తిచేశారు. రిజిస్టరులో ఊరు, ఫోన్ నంబరు రాయడం అప్పటికే మొదలైంది. వాడిన సూదిని వాడినవాళ్ళే డబ్బాలో వేయాలని ఖాలా పెట్టిన నియమాన్ని ఆయన మొదట తనకే పెట్టుకున్నారు. తర్వాత తనకు తెలిసిన డాక్టర్లందరికీ ఫోన్లు చేసి, "మీ పనోళ్ళను ఒక పూట మా ఖాలా దగ్గర కూసోబెట్టుండ్రి" అని చెప్పారు.

అలా మొదలయ్యాయి ఆమె పాఠాలు. వనపర్తిలో మొదటిసారి పోయినప్పుడు ఒక పాత కాంపౌండరు చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "ఇరవై ఏండ్ల సర్వీసు నాది. ఆయమ్మ వచ్చి మాకు నేర్పుతదా?" అన్నాడు.

ఖాలా నవ్వింది. "ఇరవై ఏండ్లల్ల ఎన్నిసార్లు గుచ్చుకుందన్నా?"

"ఎవరు లెక్కపెట్టిండ్రు!"

"ఎవరికి చెప్పినవ్?"

అతను కట్టుకున్న చేతులు విప్పాడు. ఖాలా అందరి వైపు తిరిగి, "ఇంకెవరికి గుచ్చుకుంది?" అని అడుగుతూ ముందు తన చేయి తనే ఎత్తింది. పక్కనున్న నేనూ ఎత్తాను. వెనక బెంచీలో ఒక నర్సమ్మ ఎత్తింది. ఆమె పక్కన ల్యాబు అమ్మాయి. చూస్తుండగానే గదిలో కిందున్న చేతులకంటే పైనున్నవే ఎక్కువయ్యాయి. పాఠం అయ్యాక కాంపౌండరు మా వెంటే బస్టాండుదాకా వచ్చి, రక్తం పరీక్ష ఎక్కడ చేస్తారని మెల్లగా అడిగాడు. నాగర్‌కర్నూలులో పాఠం పెట్టినప్పుడు కుర్చీలు వేసింది అతనే.

పోయిన ఏడాది నుంచి ఖాలా ఒళ్ళు నీరసించింది. కాలేయం జబ్బు ముదిరింది. పాఠాలు నన్ను చెప్పమనేది, తాను మూలన కూర్చుని వినేది. నేను ఏదైనా వదిలేస్తే దగ్గేది. ఆ దగ్గుకు నేను ఆగి, వదిలేసింది అందుకునేదాన్ని.

శుక్రవారం నేను పోయేసరికి వాళ్ళ గల్లీ నిండా మనుషులు. మూడు ఊళ్ళ నుంచీ వచ్చారు. మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యాక ఖాలాను మోసే జనాజా లేచింది. ఆడవాళ్ళం గుమ్మంలోనే నిలబడ్డాం. డాక్టరుగారు చెప్పులు పక్కకు విడిచి, తలకు రుమాలు చుట్టుకుని ముందుకు వెళ్ళి భుజం పట్టారు. గల్లీలో పరిచిన షాబాదు బండలు ఎండకు కాలిపోతున్నాయి. పది అడుగులు పోయాక ఎవరో భుజం మార్చుకుంటామని వచ్చారు. ఆయన తల అడ్డంగా ఊపి, ఒట్టి కాళ్ళతో అలాగే నడుస్తూ గల్లీ మలుపు తిరిగారు.