నోటికాడి చేప

ఆ కార్ఖానాలో ఆవిడను అందరూ సూదక్క అంటారు. కోడలిగా అడుగుపెట్టిన కొత్తలోనే మామగారు చేతికి సూది ఇచ్చి, పలకరాయిలో కోట్లాది ఏళ్ల కిందట చిక్కుకుపోయిన చేపను పొలుసు చెదరకుండా బయటికి తీయడం నేర్పారు. "రాయి ఎంత ఇస్తే అంతే తీసుకోవాలమ్మా. తోక లేకపోతే లేనట్టే" అనేవారాయన. ఆయన పోయాక వ్యాపారం బావగారి చేతికొచ్చింది. ఇక చూడండి! లేని తోకలకు రంగు పూయడం, ఫ్రేములో పట్టకపోతే రాయినే కోసేయడం! సూదక్క నోరు నొప్పెట్టేలా మొత్తుకునేది. ఆయన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవారు.

ఈసారి దొరికింది మామూలు చేప కాదు. చిన్న చేపను మింగుతూ మింగుతూ అలాగే రాయైపోయిన పెద్ద చేప. వానాకాలమంతా మెడ పట్టేసేలా భూతద్దం కింద కూర్చుని తీసిందావిడ.

కొనేవాళ్లొచ్చారు. సోఫా వెనక గోడకు కావాలట. ఫొటో తీసుకుని, వచ్చినవాళ్లలో ఇంటావిడ ముక్కు చిట్లించింది. "హాల్లో ఇలా నోట్లోంచి ఏదో వేలాడుతుంటే ఏం బాగుంటుందండీ? ఆ చిన్నది తీసేయండి."

"దానికేం భాగ్యం, తీసేద్దాం" అన్నారు బావగారు పళ్లన్నీ బయటపెట్టి.

వాళ్లు గడప దాటగానే సూదక్క సూదిని బల్ల మీద విసిరికొట్టింది. "నేను తియ్యను. వాళ్ల గోడ కోసం దాని నోటికాడి కూడు లాగేస్తారా? మామయ్యగారుంటే మీ చెయ్యి విరిచేవారు!"

"చచ్చిన చేపకి కూడేంటమ్మా, చోద్యం కాకపోతే!"

అంటూ ఆయనే గ్రైండరు పట్టారు. అన్నేళ్లు చెక్కుచెదరని చిన్న చేప చూస్తుండగానే పొడైపోయింది. సూదక్క కళ్లనీళ్లు కుక్కుకుంటూ ఆ పొడిని చేత్తో పోగుచేసి, కాగితంలో పొట్లం కట్టి సొరుగులో పెట్టుకుంది.

మర్నాడు ఆ ఇంటావిడ ఫోను చేసింది. ఫొటో చూసిన చుట్టాలంతా ఆ చిన్న చేపే అసలు అందమన్నారట. తీయొద్దు, ఉంచేయమంది.

బావగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. సరేనని ఫోను పెట్టేసి, మెల్లగా సూదక్క బల్ల దగ్గరికి చేరారు.

"ఏమ్మా, నువ్వు తలుచుకుంటే ఎంతసేపు... ఎలాగోలా ఆ చిన్నదాన్ని మళ్లీ..."

సూదక్క సొరుగు లాగి, పొట్లం విప్పి ఆయన అరచేతిలో గుమ్మరించింది.

"ఇదిగోండి చేప. తలెటో తోకెటో చూసుకుని అతికించుకోండి."