‘ఆయ్’కి నేను చెప్పిన అర్థం

ముందుమాట రాయమని అడిగితే కాదనడం నాకు చేతకాదు. అందులోనూ అచ్చయ్యే పుస్తకంలో నా పేరు పడటం అదే మొదటిసారి. అమలాపురంలో ఇరవై ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకి అలంకారాలు చెబుతున్నదాన్ని, ఆ మాత్రం ఆశ ఉండదా ఏమిటి!

పుస్తకం రాసింది రాజోలు వైపు ఓ రిటైర్డ్ హెడ్మాస్టారు. రాశారనడం కన్నా, వాళ్ళమ్మగారు చెబుతుంటే కాగితం మీదికి ఎక్కించారనాలి. ఆవిడ చిన్నప్పటి నుంచీ పొలాల్లో నాట్లు వేసిన మనిషి, అక్షరం ముక్క రాదు. ఓటు వచ్చిన దగ్గర్నుంచీ తన గుమ్మంలోకి వచ్చిన నాయకులందరి కథా ఆవిడ గొంతులోనే సాగుతుంది. ఒకాయన్ని ‘మందేసి ముగ్గబెట్టిన గెల’ అంటారు. రంగొచ్చింది గానీ రుచి రాలేదట. రావులపాలెంలో అరటిపళ్ళు కొన్నవాళ్ళకి ఇంక వివరించేదేముంది? ఇంకోచోట, కొబ్బరికాయని చెవి దగ్గర ఆడించి చూసి కొంటాం కదా, ఓటేసే ముందు ఈయన్నీ అలా ఆడించి చూడాల్సింది అని తనని తనే తిట్టుకుంటారు. బస్సులో చదువుతూ పైకే నవ్వేశాను. పక్కసీటావిడ నన్ను అదోలా చూసింది. పోలిక కోసం ఎక్కడికీ వెళ్ళరు ఆ మహాతల్లి, చేతికందిన దాంతోనే కొడతారు. నాకు కుళ్ళొచ్చిందంటే నమ్మండి.

అన్నిటికన్నా నాకు దొరికిన పెద్ద ముక్క ‘ఆయ్’, మా గోదావరి వైపు ‘అలాగేనండీ’ అన్నట్టు వినిపించే మాట. “ఓటు మనకేగా మామ్మా?” అని ఎవరొచ్చి అడిగినా ఆవిడ జవాబు అదొక్కటే. ఆ పార్టీకీ ఆయ్, ఈ పార్టీకీ ఆయ్. నేను రెచ్చిపోయాను. ‘కాదు అనడం మరిచిపోయిన తరాల దాస్యానికి ఈ మాట ప్రతీక’ అంటూ రెండు పేజీలు దంచాను.

మర్నాడు ప్రెస్సుకి ఇవ్వాలనగా, ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చాక వెళ్ళి, వరండాలో మాస్టారికి చదివి వినిపించాను. మామ్మగారు ఓ పక్కన కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు. “చాలా బాగుందండీ,” అన్నారు మాస్టారు, నా మొహం మాత్రం చూడలేదు. కత్తి చప్పుడు ఆగింది.

“దాస్యం అంటే ఏంట్రా?” అని కొడుకుని అడిగారావిడ.

“అంటే... బానిసత్వమమ్మా.”

“అయితే మేడంగారు నన్ను బానిసన్నారా?”

“మిమ్మల్ని కాదండీ మామ్మగారూ, అది ప్రతీక...” అన్నాను. ఆ మాట నా చెవికే రోతగా వినిపించింది.

“పొద్దుపోయినా ఇంకో మడి నాటేసి వెళ్ళమనేవోరండి మా కామందుగారు. ఆయ్ అనేసి, గట్టెక్కి ఇళ్ళకొచ్చేసేవోళ్ళం. ఆయ్ అంటే మీరు చెప్పింది విన్నానని అండీ. చేస్తానని ఎవరన్నారు? ఓటడిగినోళ్ళందరికీ ఆయ్ అన్నాను. వేసింది నాకు నచ్చినోడికే.”

ఛీ, నా చదువు తగలెయ్య! ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. ప్రిన్సిపాల్‌గారు ఏ పని చెప్పినా “ఆయ్” అంటాను, అందులో సగం ఈనాటికీ చేయలేదు. నేనంటే గడుసుతనం, ఆవిడంటే దాస్యమూనా! సిగ్గుతో చచ్చిపోయాను.

“నాకు చదవడం రాదండీ,” అన్నారావిడ. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. “నా మాటలు వాడు రాసేడు. వాటికి ముందు మీ మాట ఉంటది. మీరు ముందే బానిస అనేస్తే, ఎనకాల నేనెంత నవ్వించినా బానిస నవ్వుతోందనే అనుకుంటారు అందరూ.”

“రెండు మాటలు మారిస్తే సరిపోతుందండీ,” అని సర్దబోయారు మాస్టారు. నాకూ ఓ క్షణం అలాగే అనిపించింది, దాచడమెందుకు. పేరు పడుతుందన్న ఆశ అంత తొందరగా చావదు. కానీ మార్చడానికి ఏం మిగిలింది? రెండు పేజీలూ ఆ తప్పు మీదే కట్టాను. కాగితాలు నిలువునా చింపేశాను.

“మీ గురించి ఏం రాయమంటారు మామ్మగారూ?” అని అడిగాను.

ఆవిడ కత్తి పక్కన పెట్టారు. “నేను ఏదీ ఊరికినే అన్లేదని రాయండి.”

అక్కడే కూర్చుని కొత్త కాగితం మీద రాశాను: ‘ఈవిడ ఏ మాటా ఊరికే అనలేదు.’ కింద నా పేరు పెట్టి, ముందుమాట ఇంతేనండీ అని మాస్టారి చేతికిచ్చాను. ఆయన పైకి చదివారు. “ఇంకోసారి చదవరా,” అన్నారు మామ్మగారు. చదివారు. మూడోసారి ఆవిడే కాగితం తీసుకుని, చెయ్యి చీరకి తుడుచుకుని, వేలు అక్షరాల మీద జరుపుతూ ఆ వాక్యం మెల్లగా పైకి అన్నారు. వాక్యం అయిపోయినా వేలు ఇంకా కిందికి వెళ్ళింది.

“ఇక్కడేముందండీ?”

“నా పేరండీ.”

ఆవిడ వేలు అక్కడే పెట్టి నా మొహంలోకి చూశారు.

“మీరూ ఊరికినే అన్లేదు కదండీ?”