చేతుల్లేని ప్రయాణికుడు

చిల్లకూరు దాటి సముద్రం వైపు వెళ్లే ఆ రోడ్డు రోడ్డే కాదు, రొయ్యల గుంటల మధ్య మిగిలిన గట్టు. మా బస్సు ముందు ఒక జీపు, దానికి తగిలించిన ట్రాలీలో పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం. అరగంటగా నడక కన్నా నెమ్మదిగా పోతోంది, దారి ఇవ్వదు. మా డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. సీటు దొరక్క నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయింది. ఒక పెద్ద గొయ్యి ముందు జీపు పూర్తిగా ఆగేసరికి, దిగి వెళ్లి దాని తలుపు మీద కొట్టాను.

"ఏమయ్యా, మేము ఊరు చేరొద్దా?"

జీపు నడిపేది నెరిసిన గడ్డం మనిషి. నా అరుపుకి తొణకలేదు, బెణకలేదు. ముందు అద్దం కింద, గుడ్డ చుట్టకుదురులో నిలబెట్టిన స్టీలు గ్లాసు చూపించాడు. అందులో సగం దాకా నీళ్లున్నాయి.

"ఈ నీళ్లు తొణికినాయంటే లోపల గుర్రం తూలినట్టేనన్నా. నువ్వంటే కమ్మీ పట్టుకోనుంటావు. దానికి చేతుల్లేవు గదా."

నాకు ఇంకా కోపం వచ్చింది. విసురుగా వచ్చి బస్సెక్కాను.

గొయ్యి దాటాక, గట్టు వెడల్పైన చోట అతను జీపు పక్కకు తీశాడు. మా డ్రైవరు కసితీరా దూసుకుపోయి మొదటి మలుపులోనే బ్రేకు తొక్కాడు. నా నుదురు వెళ్లి కమ్మీకి కొట్టుకుంది. కండక్టరు నా మీదే అరిచాడు.

"చేతులుండాయి గదయ్యా, గట్టిగా పట్టుకోవాల!"

నుదుటి మీద బొప్పి వారంలో తగ్గింది. ఆ గ్లాసు మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.